పోరు నష్టము, పొందు లాభము

సాయంకాలమున పాలు కాచి దించి, తోడు వేయుటకు గిన్నె తీసి చూడగా అందు పెరుగు నిండుకొన్నదనుకొందము. అప్పుడు మన మేమి చేయుదుము? పొరుగింటి తలుపు తట్టి గరిటెడు పెరుగు తెచ్చుకొందుము. ఇచ్చిన యిల్లాలికి దానివలన లోటు కలుగదు. పుచ్చుకొన్న యింట తెల్లవారుసరికి గిన్నెడు పెరుగు పేరుకొనును. మఱియొకనాడు ఆమె యింట నిండుకొన్నప్పుడు అదే గరిటె యిటునుండి యటు పోవును. పోరు నష్టము, పొందు లాభము అని పెద్దలు చెప్పిన మాటకు ఇంతకంటె దగ్గఱి నిదర్శనము వెదకనక్కఱలేదు.

అయితే ఆ పొరుగిల్లాలు కూడ మనవలెనే పెరుగమ్ముకొని జీవనము చేయునదైనచో? అప్పుడును మనము తోడిత్తుమా? ఇచ్చినచో రేపు మన వాడుకరులు ఆమె గడప తొక్కరా? ఈ ప్రశ్న చిన్నది కాదు. ఒక కుటుంబము యొక్క కూడు గుడ్డ దానిపై నాధారపడియుండవచ్చును. సుమారు ఇరువది సంవత్సరములుగా అమెరికా మొదలగు దేశములలో ఒక క్రొత్త వృత్తి నవలంబించిన చిన్న యజమానులు ఈ ప్రశ్ననే యెదుర్కొనిరి. వారు కనుగొన్న సమాధానము మన సోదరీమణులు కూడ తెలిసికొనదగినది.

పనిచావడి యనగానేమి?

ఇప్పటి కాలమున కంప్యూటరు ముందు కూర్చుండి చేయు పనులు పెక్కులు కలవు. లెక్కలు వ్రాయువారు, బొమ్మలు గీయువారు, గ్రంథములు భాషాంతరీకరించువారు, ప్రోగ్రాములు వ్రాయువారు, వీరిలో ననేకులకు పైయధికారి లేడు. పోవలసిన ఆఫీసును లేదు. ఇంటిలో నొక మూల బల్ల వేసికొని పని సాగించుకొందురు. స్వేచ్ఛ కలదు, నిజమే. కాని యుదయమునుండి సాయంకాలమువఱకు మఱియొక మనిషితో మాటలాడక గడుపుట యెంత భారమో అనుభవించినవారికే తెలియును. స్త్రీకి వేఱొక చిక్కు కూడ కలదు. ఆమె యింటనే యున్నది కావున తీరికగా నున్నదని యందఱును తలంతురు. గ్యాసుబండ తెచ్చినవాడు ఆమెనే పిలుచును. చుట్టపుచూపుగా వచ్చినవారు ఆమె బల్లయొద్దనే కుర్చీ లాగుకొని కూర్చుందురు. పని మాత్రము అర్ధరాత్రమువఱకు మిగిలియుండును.

ఇట్టివారికై యేర్పడినదే పనిచావడి. ఆంగ్లమున దీనిని కోవర్కింగు స్పేసు అందురు. మన పల్లెలలో నలుగురు చేరు చోటు చావడి గనుక, ఈ వ్యాసమున పనిచావడి యందము. విశాలమైన గది, బల్లలు, కుర్చీలు, విద్యుత్తు, ఇంటర్నెట్టు, కాఫీ కాచుకొనుటకు చిన్న వంటగది, ఇంతయే సామగ్రి. నెలకో రోజుకో ఇంతయని యిచ్చి యెవరైనను వచ్చి తమ పని తాము చేసికొనవచ్చును. ఒక్కొక్కరి పని వేఱు, మజ్జిగవేళ మాత్ర మొక్కటి.

మొదటి చావడి

ఈ పేరుతో మొదటి చావడి 2005 సంవత్సరము ఆగష్టు 9వ తేదీని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున వెలసినది. స్థాపించినవాడు బ్రాడ్ న్యూబర్గు అను ప్రోగ్రాములు వ్రాయు యువకుడు. స్వతంత్రముగా పనిచేయు స్వేచ్ఛయు, నలుగురితో కలిసి పనిచేయు నండయు ఒక్కచోట లభింపవలెనని యతని కోరిక. ఆ నగరమున మిషన్ అను పేటలో స్పైరల్ మ్యూజ్ అను నిల్లు, స్త్రీవాదుల సమష్టి నిర్వహణలో నుండెను. వారియొద్ద అతడు వారమునకు రెండు దినములు స్థలము బాడుగకు తీసికొనెను. అయిదు మొదలు ఎనిమిది బల్లలు, కలిసి మధ్యాహ్నభోజనము, నడుమ కొంతసేపు ధ్యానము. సాయంకాలము 5 గంటల 45 నిమిషములకు తప్పక తలుపులు మూయవలెను.

మొదటి నెల యంతయు ఒక్కరును రాలేదు. వేసిన బల్లలు వేసినట్లే యుండెను. అతడు నిరాశపడి మానుకొనియున్నచో ఈ కథ యిక్కడనే ముగిసెడిది. కాని యతడు బయటికి వెడలి పదిమందికి చెప్పి పిలువ మొదలిడెను. ఒకరు వచ్చిరి, పిమ్మట మఱికొందఱు వచ్చిరి. ఏడాది తరువాత ఆ చోటు మూతపడి, 2006లో దాని స్థానమున అదే నగరమున హ్యాట్ ఫ్యాక్టరీ అను మఱియొక చావడి తెఱవబడెను. అది వారమునకు రెండు దినములు గాక నిత్యము నడచినది. ఆ సంవత్సరమే న్యూయార్కున ఇరువురు మిత్రులు తమ యింటి ముందుగదినే పదిమంది పనివారికి తెఱచి, ఆ కూడికకు జెల్లీ యని పేరిడిరి. ఆ వాడుక పెక్కు పట్టణములకు ప్రాకెను.

ఇందు గమనింపదగిన విశేష మొకటి కలదు. న్యూబర్గు ఈ యాలోచనను తన సొత్తుగా దాచుకొనలేదు. ఎవరు కోరినను తీసికొని తమ యూరిలో నాటుకొండని బహిరంగముగా చెప్పెను. ఆ పేరు వాడుకొనినందుకు సుంకము కోరలేదు. తోడుపెరుగు మొదటి గరిటె అతడే యిచ్చినాడన్నమాట. ఆ తరువాత వచ్చినవారును ఆ మర్యాదనే పాటించి, తమ వృత్తికి అయిదు నియమములను చెప్పుకొనిరి: సహకారము, అరమరిక లేకుండుట, సముదాయభావము, అందఱికి నందుబాటు, నిలుకడ. ఇప్పటికిని ఆగష్టు 9వ తేదీని ఆ వృత్తివారు పండుగగా జరుపుకొనుచున్నారు.

చావడి లెక్కలు

నియమములు చెప్పుట సులభము. చేతిలో జమాఖర్చుల పుస్తకము పట్టుకొన్నప్పుడు గాని వాని బరువు తెలియదు. ఒక యిల్లాలు చిన్న చావడి పెట్టినదనుకొందము. భవనపు బాడుగ నెలకు 1,00,000 రూపాయలు. విద్యుత్తు, ఇంటర్నెట్టు, కాఫీ, ఊడ్చి తుడుచు మనిషి, అన్నియు కలిపి 40,000. కుర్చీలు 40, కుర్చీకి నెలకు 4,000. అన్నియు నిండినచో రాబడి 1,60,000, మిగులు 20,000. ముప్పదియైదుగురున్నచో రాకపోకలు సరిసమానము. నలువదిమందిలో ఎనిమిదిమంది మానుకొన్నచో, ఆ నెల 12,000 చేతినుండి పెట్టుకొనవలెను.

బాడుగ మాత్రము తగ్గదు. భవనపు యజమానికి ఆమె మూడేండ్లకో అయిదేండ్లకో పత్రము వ్రాసియిచ్చినది. వచ్చి కూర్చుండువారు మాత్రము నెలకు నెల మానుకొనవచ్చును. కట్టవలసినది దీర్ఘకాలము, రావలసినది స్వల్పకాలము. ఈ వృత్తిలోని ప్రమాద మంతయు ఈ యొక్క వాక్యములో నున్నది. అట్టి సమయమున ఎదుటి వీథిలో మఱియొకరు చావడి తెఱచినారని విన్నచో ఆ యిల్లాలి గుండె జల్లుమనుట సహజము. ఆ ఎనిమిదిమందిని ఆ క్రొత్తవారే లాగుకొనిపోవుదురని భయము. ఆ క్రొత్త యజమాని వచ్చి, "అమ్మా, బాడుగపత్రములో ఏయే షరతులు చూచుకొనవలెను?" అని యడిగినచో చెప్పుటకు నోరు వచ్చునా?

అసలు ప్రత్యర్థి యెవరు?

ఫిలడెల్ఫియా నగరమున అలెక్స్ హిల్మన్ మొదలగువారు ఇండీ హాల్ అను చావడిని స్థాపించిరి. వారు ముందు గది తీసికొని పిదప మనుష్యులను వెదకలేదు. ముందు కాఫీయంగళ్లలో మనుష్యులను కూడగట్టుకొని, ఆ స్నేహము కుదిరిన పిమ్మట 2007లో గది తీసికొనిరి. మనుష్యులు కలిసిన పిదపనే కుర్చీలు నిండునని వారికి తెలిసినది. ఆ సంవత్సరమే సియాటిల్ నగరమున సూసన్ ఇవాన్సు, జేకబ్ సేల్సు అను వారిరువురు ఆఫీస్ నోమాడ్స్ అను చావడిని పెట్టిరి. మన తెలుగుకుటుంబములు ఎన్నియో ఆ నగరప్రాంతమున నివసించుచున్నవి గాన, సియాటిల్ పేరు మన పాఠకురాండ్రకు క్రొత్త కాదు. కాలక్రమమున ఆ యూరిలో పెక్కు చావళ్లు వెలసినవి. అప్పుడు ఆ యజమానులు ఒకరి నొకరు చూచి తలుపులు మూసికొనలేదు. ఒక సమాఖ్యగా నేర్పడి, కలిసికొని మాటలాడుకొని, తమ చావళ్ల నన్నిటిని ఊరివారికి ఉమ్మడిగా తెలియజేయ నారంభించిరి.

ఏల? వారు లెక్క వేసి చూచుకొన్నారు. ఊరిలో ఒంటరిగా పనిచేయువారిలో చావడి యను వస్తువొకటి కలదని యెఱిగినవారే స్వల్పము. ఎఱుగనివారు, ఎఱిగియు గడప దాటనివారు లెక్కకు మిక్కిలి. కావున తమకు ప్రత్యర్థి ఎదుటి వీథిలోని చావడి కాదు. ప్రతి యింటి మూలనున్న ఆ ఒంటరి బల్లయే. ఒక చావడివారు ఒక మనిషిని ఆ బల్లనుండి లేపి తీసికొనివచ్చినచో, ఈ వృత్తియొక్క మేలు ఊరిలో మఱి పదిమందికి తెలియును. అది యందఱికిని లాభమే.

మఱియొక కారణము కూడ కలదు. చావళ్లన్నియు ఒక్క తీరుగా నుండవు. ఒకచోట సూది పడినను వినవచ్చు నిశ్శబ్దము. ఒకచోట నవ్వులు, మాటలు. ఒకరికి టెలిఫోనులో రోజంతయు మాటలాడుట వృత్తి. ఒకరికి చంటిబిడ్డ సమీపమున నుండవలెను. తనకు సరిపడని చోట చేరినవాడు రెండు నెలలలో విసిగి మానుకొనును; పోవుచు పోవుచు చావళ్లన్నియు నిట్టివే యని చాటును. అతనిని మొదటనే, "మీకు మా చోటుకంటె ఆ వీథిలోని చోటు బాగుండును" అని పంపినచో అక్కడ నిలకడగా నుండును. ఆ యజమానియు తనకు సరిపడనివారిని ఇటు పంపును. మన యిండ్లలో సంబంధములు చూచు పెద్దముత్తైదువకు ఈ నీతి యెవరును నేర్పనక్కఱలేదు. తన బిడ్డకు కుదరని సంబంధము చెల్లెలి బిడ్డకు కుదురునని చెప్పుటలో ఆమెకు పోవునది యేమియు లేదు.

అతిథిమర్యాద, వైద్యపు ఖర్చు

ఈ స్నేహము ఊరి పొలిమేరలు దాటినది. కోవర్కింగు వీసా యని యొక యేర్పాటు కలిగినది. ఒక చావడిలో సభ్యుడైనవాడు పరదేశమునకు పోయినచో, ఆ ఊరిలో ఈ యేర్పాటునందు చేరిన చావడివారు అతనిని కొన్ని దినములు ఉచితముగా కూర్చుండనిత్తురు. ఎన్ని దినములో, ఏ వేళలలో ననునది ఎవరి చావడికి వారే నిర్ణయించుకొందురు. దీనికి కేంద్రకార్యాలయమును లేదు, రుసుమును లేదు. చేరినవారి పేర్ల పట్టిక మాత్రమే. వందలకొలది చావళ్లు ఇందు చేరినవి. ఖాళీగా నున్న కుర్చీలో ఒక బాటసారి రెండు దినములు కూర్చున్నందున యజమానికి కలిగిన ఖర్చు కాఫీనీళ్లంత. కాని తన సభ్యునకు ప్రపంచమంతట చుట్టములున్నారని చెప్పుకొను భాగ్య మామెకు కలిగినది. పెద్ద సంస్థవారు కోట్లు వెచ్చించి నగరనగరమున శాఖలు పెట్టి యిచ్చు సౌకర్యమును, ఒక్క గది గల యిల్లాలు మంచిమాటతో నిచ్చినది.

ఇంతకంటె బరువైన కార్యము కెనడాదేశమున జరిగినది. ఆ దేశమున వైద్యుని చూచుటకు, ఆసుపత్రిలో చేరుటకు నయ్యెడు ఖర్చు ప్రభుత్వపు బీమా భరించును. కాని పండ్ల వైద్యము, కండ్లద్దములు, బయట కొనుకొనవలసిన మందులు, వీనికి చాలవఱకు ఉద్యోగము నిచ్చిన యజమాని చేయించు బీమాయే దిక్కుగా నుండెను. యజమాని లేనివానికి దిక్కెవరు? ఒంటరిగా పోయి యడిగినచో బీమా సంస్థ చెప్పు వెల హెచ్చు. ముందునుండి జబ్బున్నచో తిరస్కరించుటయు కలదు. టొరంటో నగరమున చావడి నడపుచున్న ఆష్లీ ప్రాక్టర్ అను నామె యిది చూచి, ఒంటారియో రాష్ట్రపు చావళ్లను కలుపుకొని, వాని సభ్యుల నందఱిని ఒక గుంపుగా చేర్చి, కోహిప్ అను పేరుతో ఉమ్మడి బీమా నేర్పఱచెను. పదిమంది కలిసినప్పుడు ఒకరి జబ్బు భారము పదిమందిపై పంచబడును, వెల దిగును, తలుపు తెఱచుకొనును. ఒక్క చావడి యెంత మంచిదైనను ఈ పని చేయజాలదు. బిడ్డకు పంటినొప్పి వచ్చినప్పుడు ఒక తల్లి పర్సు చూచుకొని వెనుకాడక వైద్యునియొద్దకు పోవుటకు, పరస్పరము పోటీదారులనిపించుకొన్న యజమానుల పొత్తు కారణమైనది. సహకార మను మాటకు ఇంతకంటె అర్థమేమి కావలెను?

పొత్తునకు హద్దులు

పొత్తు సర్వరోగనివారిణి యని మేము చెప్పము. 2020లో కోవిడు సాంక్రామికము వచ్చి మనుష్యులు కలియుటయే నిషిద్ధమైనప్పుడు, కలియుటనే జీవనముగా చేసికొన్న చావళ్లు అనేకములు మూతపడినవి. స్నేహమువలన బాడుగ చెల్లదు. అట్లని పెద్దతనమువలననైనను చెల్లునా? 2010లో న్యూయార్కున పుట్టిన వీవర్కు అను సంస్థ దేశదేశములలో చావళ్లు పెట్టి, 2019 సంవత్సరారంభమున 4,700 కోట్ల డాలర్ల విలువ గలదని పేరుపొందెను. అదే సంవత్సరము సెప్టెంబరులో వాటాలు ప్రజలకు విక్రయించు ప్రయత్నమును మానుకొనెను. 2023 నవంబరులో అప్పులు తీర్చలేక అమెరికా న్యాయస్థానము నాశ్రయించి, పెక్కు బాడుగపత్రములను వదలుకొని, 2024 జూనులో బయటపడెను. దీర్ఘకాలపు బాడుగ, స్వల్పకాలపు రాబడి యను లెక్క నలువది కుర్చీలకును లక్షల కుర్చీలకును ఒక్కటే. పెద్దవాడు పడినప్పుడు నవ్వుట మన ధర్మము కాదు; లెక్క నేర్చుకొనుట ధర్మము.

రెండవ హద్దు, పొత్తునకును కుట్రకును గల భేదము. యజమానులందఱు కూడి, "కుర్చీకి ఇంతకు తక్కువ యెవరును తీసికొనరాదు" అని కట్టుబాటు చేసికొనినచో అది వాడుకరిపై కుట్ర. అమెరికాలోను మన దేశములోను అట్టి కట్టుబాటు చట్టవిరుద్ధము. వెల యెవరిది వారే నిర్ణయించుకొనవలెను. బాడుగపత్రపు మెలకువలు, మరమ్మతు చేయువాని చిరునామా, సభ్యుల తగవులు తీర్చు నేర్పు, ఇవి పంచుకొనదగినవి.

మూడవది, ఎప్పుడును పుచ్చుకొనుటయే కాని యిచ్చుట యెఱుగనివారు ప్రతి పొత్తునందును ఒకరిద్దఱుందురు. చేబదులు తీసికొని మఱచిపోవు పొరుగమ్మవంటి వారు. వారినిబట్టి తలుపు మూసికొన్నచో మంచివారును బయటనే యుండిపోవుదురు. మొదట చిన్న బదులిచ్చి చూచి, తిరిగివచ్చినదానినిబట్టి పెద్ద బదులీయవలెనని మన పెద్దమ్మలు చెప్పినదే యిక్కడను దారి.

మన సంగతి

హైదరాబాదు, విశాఖపట్టణము, విజయవాడ మొదలగు నగరములలో ఇప్పుడు పనిచావళ్లు కలవు. మన యాడపడుచులు కొందఱు అందు పనిచేయుచున్నారు. కాని ఈ వ్యాసము చావడి పెట్టువారికి మాత్రమే వ్రాయబడలేదు. ఇంటియొద్ద రవికెలు కుట్టునామె, పచ్చళ్లు పట్టి యమ్మునామె, పిల్లలకు పాఠములు చెప్పునామె, వీరందఱును చిన్న యజమానులే. ఒకే వీథిలో ఇద్దఱు కుట్టుపనివారున్నచో మాటలుండవని మనము చూచుచునే యున్నాము. పెండ్లిండ్ల కాలమున ఒకామెకు నిద్ర లేనంత పని. రెండవ యామె యంత్రము మూతవేసియుండును. మొదటి యామె గడువు తప్పి మాటపడుటకంటె, పది రవికెలు రెండవ యామెకు పంపినచో ఏమి పోయినది? ఆషాఢమున అవసరము తిరగబడవచ్చును. ఒకరు పూలకుట్టులో నేర్పరి, ఒకరు కత్తిరింపులో నేర్పరి. ఇరువురు కలిసి దారము, లైనింగుగుడ్డ టోకున తెచ్చుకొన్నచో ఇరువురికిని ఖర్చు తగ్గును. పొదుపుసంఘములలో పదిమంది చేరి రూపాయి రూపాయి కూడబెట్టి ఒకరి యప్పునకు పదిమంది పూచీపడుట మన తెలుగుపల్లెల స్త్రీలు దశాబ్దములుగా చేయుచున్న పనియే. ధనమునం దెఱిగిన పొత్తును వృత్తియందును చూపుట మనకు కష్టము కాదు.

సోదరీమణులారా! మన వృత్తినే చేయునామె మన వీథిలోనికి వచ్చినదని విన్ననాడు ముందుగా మనసున గలుగునది భయమే. ఆ భయము తప్పు కాదు. దాని వెనుక మన బిడ్డల యన్నమున్నది. కాని ఆ నాడు ఒక్క క్షణమాగి మనల మనము ప్రశ్నించుకొందము: మన కుండలోని పాలు పొంగిపోయినది ఆమెవలననా, లేక ఊరిలో పెరుగు రుచి యెఱుగని యిండ్లు ఇంకను మిగిలియున్నవా? అట్టి యిండ్లున్నంతకాలము ఆమెయు మనమును ఒక్క పనిమీద నున్నవారమే. గరిటె చేతబట్టుకొని ఆమె గడపకు మనమే ముందు పోవుదము.